మొదటి లారీ కొనబోతున్న మేనల్లుడికి

ఆటోనగర్,
విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గుంటూరు మిర్చి యార్డు నుంచి సరుకు తోలడానికి పది టైర్ల లారీ కొనాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నీవు పంపిన లెక్కల కాగితం రెండుసార్లు చదివాను. డీజిల్, టోల్, టైర్లు, బీమా, డ్రైవరు బత్తా, ఫైనాన్సు వాయిదా అన్నీ శ్రద్ధగా రాశావు. కానీ ఆ కాగితంలో నీ లారీ ఎప్పుడూ నడుస్తూనే ఉంది. ఎక్కడా నిలబడలేదు, ఎక్కడి నుంచీ ఖాళీగా తిరిగి రాలేదు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న నాకు కనబడిన లోటు అదొక్కటే గాని, అది చిన్న లోటు కాదు.

1996లో నా మొదటి లారీ మిర్చి టిక్కీలతో (బస్తాలతో) కోల్‌కతా వెళ్లింది. కిరాయి మంచిదే. అక్కడ గోదాములో చోటు లేదని నాలుగు రోజులు దింపలేదు, ఆ తరువాత తిరుగు లోడు కోసం ఐదు రోజులు నిలబడి, చివరకు డీజిల్ ఖర్చుకు కూడా చాలని కిరాయికి ఒప్పుకుని వచ్చాం. హాల్టింగ్ గురించి, అంటే లారీ నిలబడిన రోజులకు ఇవ్వాల్సిన డబ్బు గురించి, ముందుగా కాగితం మీద రాయించుకోలేదు కనుక ఆ వ్యాపారి ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆ నెలా, పై నెలా వాయిదాలు తప్పాయి. మీ అత్త గాజులు తాకట్టు పెట్టి కట్టాను. నెలకు ఆరు ట్రిప్పులని నీవు వేసుకున్నావు. ఒక్కొక్క ట్రిప్పుకు రెండు రోజులు సరుకు ఎక్కించడం, దించడం దగ్గర పోతే నెలలో పన్నెండు రోజులు పోయినట్టే.

అందుకని లారీ చూడకముందే తిరుగు లోడు చూసుకో. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నం వంటి దారుల్లో ఏదో ఒకటి ఎంచుకుని, అక్కడి నుంచి ఇటు క్రమంగా సరుకు పంపే ఇద్దరు ముగ్గురు వ్యాపారులతో నేరుగా మాట్లాడు. ఫోనులో లోడు చూపించే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. మా రోజుల్లో బ్రోకరు చెప్పిందే ధర. నేడు ఏ రోజు ధర ఆ రోజే నీకూ తెలుస్తుంది, అది నిజంగా గొప్ప మేలు. అయినా ముఖం తెలియని పార్టీ దగ్గర అడ్వాన్సు చేతికి రాకుండా లారీ కదపవద్దు. హాల్టింగ్ ఎన్ని గంటల తరువాత మొదలవుతుందో, రోజుకు ఎంతో ఒప్పందంలో రాయించు. లారీ చేరిన సమయం జీపీఎస్‌లో నమోదై ఉంటుంది కనుక మేము చేయలేకపోయిన వాదన నీవు చేయగలవు.

చాలా దూరపు లోడు మాత్రం నీకు వద్దు. ఎందుకో చెబుతాను. 2020 జులైలో గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి 16 పార్శిల్ వ్యాన్ల ప్రత్యేక రైలు 384 టన్నుల ఎండుమిర్చితో బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు వెళ్లింది. రోడ్డు మీద టన్నుకు సుమారు ₹7,000 పడేది రైలులో ₹4,608కే పడిందని రైల్వే శాఖ అప్పుడే ప్రకటించింది. అంత దూరంలో, అంత సరుకుతో రైలుకు మనం పోటీ కాలేము. యార్డు నుంచి గాని కోల్డ్ స్టోరేజీ నుంచి గాని ఎత్తి, కొనుగోలుదారు గుమ్మం ముందు దించడమే మన బలం. ఆ బలం మధ్య దూరాల్లో బాగా పనిచేస్తుంది.

మిర్చి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. అందువల్ల సీజనులో నీకు అధిక బరువు బాధ ఉండదు గాని, తిరుగు లోడుగా సిమెంటో ఇనుమో వేసినప్పుడు ‘ఇంకో మూడు టన్నులు వేద్దాం’ అనే మాట తప్పక వినిపిస్తుంది. 2018 నుంచి నీవు కొనాలనుకుంటున్న పది టైర్ల, అంటే మూడు ఇరుసుల లారీకి బండి బరువుతో కలిపి 28.5 టన్నులే పరిమితి. దాటితే ₹20,000, ఆపైన అదనపు టన్నుకు ₹2,000 చొప్పున జరిమానా. బరువు తూచిన కాటా చీటీ చేతికి రాకుండా డ్రైవరును బయలుదేరనివ్వకు.

సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం, ఈ-వే బిల్లు విషయంలో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడతారు. 2021 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్కిస్తున్నారు. దారిలో బండి చెడి సరుకును మరో లారీలోకి మార్చితే కొత్త బండి నంబరు వెంటనే నమోదు చేయించాలి. గడువు పెంచుకోవడానికి అది ముగియడానికి ముందు ఎనిమిది గంటలు, ముగిసిన తరువాత ఎనిమిది గంటలు మాత్రమే వీలుంటుంది. ఆ గడియలు డ్రైవరుకు కాదు, నీకు గుర్తుండాలి.

వానాకాలంలో రెండో దారి తెలిసి ఉండాలి. 2024 సెప్టెంబరు వరదలకు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని హైదరాబాద్ రహదారి ఆగిపోయింది. అంతకు ముందు ఏడాది ఐతవరం దగ్గర మునేరు పొంగి రోడ్డెక్కింది. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వెళ్లే దారిని ఒకసారి నీవే లోడుతో నడిపించి చూడు. తడిసిన మిర్చి రంగు పోతుంది, బూజు పడుతుంది. కనుక టార్పాలిన్ దగ్గర పొదుపు చేయకు.

కిరాయి బాకీల గురించి ఒక్క మాట. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు చేయించుకో. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం 45 రోజుల్లోగా డబ్బు ఇవ్వకపోతే కిరాయి బాకీ ఉన్న పార్టీ వడ్డీతో చెల్లించాలి. బిల్లు పంపిన తేదీ, సరుకు అందినట్టు సంతకమైన ఎల్.ఆర్. (లారీ రసీదు) ప్రతి నీ దగ్గర లేకపోతే ఆ చట్టాన్ని వాడుకోలేవు.

ఎలక్ట్రిక్ లారీ గురించి అడిగావు. రోజూ ఒకే రెండు చోట్ల మధ్య తిరిగి సాయంత్రానికి ఇంటికి చేరే బండికి అది తగినదే గాని, సీజనుకొక దారి పట్టే మిర్చి లోడుకు ఇప్పుడే వద్దు. దానికి బదులు డ్రైవరు క్యాబిన్ మీద ధ్యాస పెట్టు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే ఇలాంటి లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. పాత బండి చౌకగా వస్తోందని ఎవరైనా చెబితే మే నెలలో మధ్యాహ్నం దాని క్యాబిన్‌లో గంటసేపు కూర్చుని చూడు. ఆ వేడిలో పది రాత్రులు నిద్రలేక నడిపిన మనిషి చేతిలో నీ లారీ, మరొకరి సరుకు, దారిన పోయేవారి ప్రాణాలు ఉంటాయి. మంచి డ్రైవర్లు దొరకడం లేదని అందరం అంటున్నాం. ఇంటికి ఎప్పుడు వెళ్తాడో ముందే చెప్పి, ఆ మాట నిలుపుకున్న యజమాని దగ్గర వారు నిలవడం నేను చూశాను.

ఫైనాన్సు కాగితాల మీద ఇంకా సంతకం చేయకు. వచ్చే ఆదివారం ఉదయం కొటేషను, నీ లెక్కల కాగితం తీసుకుని ఇంటికి రా. నెలకు ఆరు ట్రిప్పులను నాలుగుగా మార్చి, వాయిదా తట్టుకుంటుందో లేదో కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ