పడమటి కిటికీ, అత్తగారి పట్టుచీరలు

ప్రశ్న: మేము హైదరాబాదు మియాపూర్ ప్రాంతంలో ఐదో అంతస్తులోని కొత్త ఫ్లాట్‌లోకి మారాము. హాలు కిటికీ, మా పడకగది కిటికీ పడమర వైపు ఉన్నాయి. హాలు కిటికీకి ఎదురుగానే పక్క బ్లాకువారి బాల్కనీ ఉంటుంది. నేను వారంలో మూడు రోజులు హాల్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటాను. మా అత్తయ్యగారికి 66 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లెలో ఉండి వచ్చారు. లేవగానే పరదాలన్నీ పైకెత్తి ముడివేస్తారు, "ఈ చీకటి కొట్టులో నా వల్ల కాదు" అంటారు. మావారేమో ఎవరినీ అడగకుండా గొలుసుతో లాగే రోలర్ బ్లైండ్లకు అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. అత్తయ్యగారు తన పాత పట్టుచీరలు ఇచ్చి పరదాలు కుట్టించమంటే, నేను విసుగులో "ఇదేమైనా పెళ్లిపందిరా" అన్నాను. అప్పటి నుంచి ఆవిడ నాతో ముభావంగా ఉంటున్నారు. మా పాపకు రెండేళ్లు. పరదాల కోసం ఇంత గొడవా అని నాకే సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గుపడవలసినదేమీ లేదు. ఇంట్లో మిగతా సామాను ఎవరి ఇష్టప్రకారం కొన్నా రెండోవారు ఎలాగోలా సర్దుకుంటారు గాని, పరదా విషయంలో ఒకరు మూసినప్పుడల్లా మరొకరికి వెలుతురు పోతుంది, ఒకరు తీసినప్పుడల్లా మరొకరికి చాటు పోతుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీకు కావలసింది చాటు, మీ అత్తగారికి కావలసింది వెలుతురు, మీవారికి కావలసింది ఈ పని త్వరగా తెమిలిపోవడం. కాబట్టి ఏ బట్ట, ఏ రంగు అని దుకాణానికి వెళ్లేముందు, ఏ కిటికీ దగ్గర ఏ వేళలో ఎవరు ఎక్కువసేపు గడుపుతారో ముగ్గురూ కూర్చుని చెప్పుకోండి. ఆ వేళకు ఆ కిటికీ ఎలా ఉండాలన్నది అక్కడ కూర్చునే మనిషే నిర్ణయించాలి గాని, డబ్బు కట్టినవారో వయసులో పెద్దవారో కాదని నా అభిప్రాయం.

మీ అత్తగారు పరదాలు ముడివేయడం మీకు మొండితనంగా తోస్తున్నట్టుంది. వయసు పైబడ్డకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. అందువల్ల అరవై దాటినవారి కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్లవారికి చేరేదానిలో సుమారు మూడో వంతే ఉంటుందని చెబుతారు. మీకు హాయిగా అనిపించే నీడలో ఆవిడకు బియ్యంలో రాళ్లు కనిపించవు, పేపరులో అక్షరాలు ఆనవు. అదీగాక వసారాలో కూర్చుంటే దారిన పోయేవారు నలుగురు పలకరించే ఇంటి నుంచి వచ్చిన మనిషికి, ఐదో అంతస్తులో బయటి ప్రపంచమంటే ఆ కిటికీ ఒక్కటే. ముడివేయడానికి ఇంకొక మామూలు కారణం కూడా ఉండవచ్చు, ఒకసారి మీ రాడ్ చూడండి. చాలా ఫ్లాట్లలో రాడ్‌ను సరిగ్గా కిటికీ వెడల్పుకే బిగిస్తారు, పరదా పూర్తిగా జరిపినా కుచ్చులన్నీ అద్దం మీదే పోగుపడతాయి. రాడ్ రెండు పక్కలా ఆరేసి అంగుళాలు గోడ మీదికి, పైన నాలుగైదు అంగుళాలు ఎత్తుగా ఉంటే, తీసినప్పుడు బట్ట గోడను ఆనుకుని అద్దమంతా తెరపి ఇస్తుంది. అప్పుడు ఆవిడకు ముడితో పని ఉండదు.

ఎదురు బాల్కనీవారి చూపు సంగతికి వస్తే, హాల్లో రెండు వరుసల రాడ్ వేయించి, అద్దం వైపు వరుసకు తెల్లటి పలుచని పరదా, గది వైపు మందపు పరదా పెట్టించండి. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి పలుచని బట్టలోంచి మీకు వారు కనిపిస్తారు గాని వారికి మీరు కనిపించరు. దీపాలు వేశాక ఇది తారుమారవుతుంది, ఎదుటి బాల్కనీవారికి మీ గది అంతా తేటతెల్లమవుతుంది. కనుక సంధ్య వేళ లైటు వేసేముందు మందపు పరదా జరపాలన్నది ఇంటిల్లిపాదికీ ఒక అలవాటు కావాలి. ఆ పనిని మీ అత్తగారికే అప్పగించమని నా సూచన, ఎందుకంటే ఇప్పటిదాకా పరదా మూయడం ఆవిడకు వ్యతిరేకంగా జరిగే పనిగానే ఉంది.

పడమటి ఎండ మాత్రం ఇష్టాయిష్టాలతో తేలే విషయం కాదు. వేసవిలో మూడు దాటాక సూర్యుడు కిందికి వాలి నేరుగా గదిలోకి దూరుతాడు, కిటికీ మీది సన్‌షేడ్ ఆ వాలు ఎండకు అడ్డురాదు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడిని ఎంత మందపు పరదాతో ఆపినా చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది, బయటే ఆపితేనే ప్రయోజనం. మన పెద్దలు వసారాలకు వెదురు తడికలు దింపినదీ, వేసవిలో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లినదీ ఇందుకే. హైదరాబాదు పొడి ఎండకు తడి తడిక బాగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కపోతలో అంతగా చేయదు. బయటి గ్రిల్లుకు వెదురు తడిక కట్టడానికి మీ అసోసియేషన్ ఒప్పుకుంటే, దాన్ని ఎలా చుట్టి ఎత్తాలో, గాలికి కొట్టుకోకుండా కిందివైపు ఎలా బిగించాలో మీ అత్తగారినే అడగండి. ఆ విషయం ఆవిడకు మనందరికంటే బాగా తెలిసి ఉంటుంది. ఒప్పుకోకపోతే మందపు పరదాకు అద్దం వైపు తెల్లటి లైనింగ్ వేయించండి, అది ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. ముదురు రంగు బట్ట పడమటి ఎండకు త్వరగా వెలిసిపోతుంది కూడాను. పడకగదికి వెలుతురును పూర్తిగా ఆపే బ్లాకౌట్ పరదాలే మంచివి, దాని గురించి ఎక్కువ చర్చ అక్కరలేదు.

ఇక చీరల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. తన పట్టుచీర కత్తెరకు ఇస్తానని ఒక స్త్రీ చెప్పిందంటే, అది డబ్బు ఆదా చేసే ఆలోచన ఒక్కటే కాదు. కొడుకు కొన్న ఇంట్లో తనదంటూ కంటికి కనిపించేది ఒకటి ఉండాలని ఆవిడ కోరుకుంటున్నారు. మీరన్న మాట చీర మీద పడలేదు, ఆ కోరిక మీద పడింది. అందుకు ఆవిడకు నేరుగా క్షమాపణ చెప్పండి. ఆ రోజు విసుగులో అన్నానని, అనకూడని మాట అన్నానని, ఎవరూ లేనప్పుడు రెండు ముక్కల్లో చెబితే చాలు. చెప్పాక వెంటనే పరదాల ప్రస్తావన తేకండి, తెస్తే క్షమాపణ బేరంలా వినిపిస్తుంది. చీరలు తప్పనిసరిగా వేలాడదీయాలనీ నేను అనను. పట్టు ఎండకు ఓర్చుకోదు. పడమటి కిటికీకి కడితే కొన్ని వేసవులకే దారం పొడిబారి చిరుగుతుంది, ఇది ఆవిడకు చెప్పవలసిన నిజమైన కారణం. మీకు నచ్చకపోవడం మరొక కారణం, దాన్ని దీని వెనక దాచవద్దు. ఆవిడ గది కిటికీ ఉత్తరానికో, నేరుగా ఎండ పడని వైపుకో ఉంటే అక్కడ ఆవిడ ఇష్టమే చెల్లాలి. అయిదున్నర మీటర్ల చీర సుమారు 18 అడుగులు, ఆరేసి అడుగుల చొప్పున మూడు రెక్కలు వస్తాయి. మూడూ కలిపితే నాలుగడుగుల కిటికీకి నిండుగా కుచ్చులు పడతాయి, అంచులు నిలువుగా జారుతాయి. నూలు లైనింగ్ తప్పక వేయించాలి, దాన్ని ముందే ఒకసారి తడిపి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. పట్టు పరదాలను వాషింగ్ మెషీన్లో వేయకూడదు గనుక, ఏడాదికి రెండుసార్లు డ్రైవాష్‌కు ఎవరు తీసుకువెళ్లాలో కూడా ఇప్పుడే అనుకోండి. పరదాలు కొనేటప్పుడు అందరూ మాట్లాడతారు, దింపి ఉతికి మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ పని ఇంటి ఆడవారికే మిగులుతుంది.

మీవారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. తల్లికీ భార్యకూ మధ్య మాట పెరుగుతున్నప్పుడు అడ్వాన్సు ఇచ్చి రావడం పరిష్కారంలా కనిపించవచ్చు గాని, ఆ పనివల్ల మీ ఇద్దరి మాటకూ విలువ లేకుండా పోయింది; ఈ సంగతి ఆయనకు మీరే చెప్పాలి, అత్తగారి ఎదుట కాదు. దానికంటే ముందు ఆయన చేయవలసిన పని ఒకటి ఉంది. గొలుసుతో లాగే బ్లైండ్లు రెండేళ్ల పాప ఉన్న ఇంట్లో ప్రమాదం. వేలాడే ఆ గొలుసు ఉచ్చులా ఉంటుంది, సోఫా ఎక్కి ఆడుకునే పిల్లల మెడకు చుట్టుకుంటే కేక కూడా వినిపించదు. ఇలాంటి మరణాలు జరిగినందువల్లనే అమెరికాలో 2018 డిసెంబరు నుంచి దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్లకు అందుబాటులో తాడు వేలాడకూడదని ప్రమాణం తెచ్చారు. బ్లైండ్లు కొలతకు కోసి చేసేవి, ఒకసారి కోశాక దుకాణంవారు వెనక్కి తీసుకోరు. కాబట్టి ఇంకా కోయకముందే ఆయన ఫోన్ చేసి హాలు ఆర్డరు ఆపించాలి, పడకగదికి కావాలనుకుంటే గొలుసు లేని స్ప్రింగు రకం అడగాలి. అది దొరకకపోతే గొలుసు కింది కొసను నేలకు కనీసం అయిదడుగుల ఎత్తున గోడకు బిగువుగా క్లిప్పుతో పట్టించాలి, పాప మంచాన్ని కిటికీ కింది నుంచి జరిపేయాలి. అడ్వాన్సులో కొంత పోయినా పోనివ్వండి.