టెక్ సందేహాలు: కాగిన నూనెతో విమానాలు ఎగిరితే కాలుష్యం పోతుందా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి తిరుపతికి టికెట్ వెతుకుతుంటే గూగుల్ ఫ్లైట్స్‌లో ఒక్కో విమానం పక్కన ఇన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అని చూపిస్తోంది. కొన్ని యాప్‌లలో గ్రీన్ ఫ్యూయల్ కోసం అదనంగా కట్టమని టిక్ బాక్స్ కూడా ఉంటోంది. వీటిని నమ్మొచ్చా? బయోఫ్యూయల్ వచ్చేస్తే ఇక దిగులు లేనట్టేనా? (రేణిగుంట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ కిలోల లెక్క ఒక విమానాన్ని ఇంకోదానితో పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. విమానం రకం, సీట్లు, దూరం బట్టి వేసే అంచనా అది, మీరు ఎక్కే విమానంలో కొలిచింది కాదు. పైగా విమానాల వెనక తెల్లగా గీతలు పడతాయి చూడండి, కాంట్రెయిల్స్ అంటారు, అవి కూడా వేడిని పట్టి ఉంచుతాయి. వాటి ప్రభావాన్ని గూగుల్ 2022లో ఈ లెక్కలోంచి తీసేసింది. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా 2.5 శాతం దాకా ఉంటుంది, కాంట్రెయిల్స్ లాంటివి కూడా కలిపితే వేడెక్కించడంలో వాటా అంతకంటే ఎక్కువే.

టిక్ బాక్స్ పెట్టేముందు కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. కార్బన్ ఆఫ్‌సెట్ అని ఉంటే మీ డబ్బు ఎక్కడో చెట్లకో, సోలార్ ప్లాంటుకో వెళ్తుంది, ఇంధనానికి కాదు. సస్టైనబుల్ ఏవియేషన్ ఫ్యూయల్, పొట్టిగా సాఫ్ (వాడిన వంటనూనె, మొక్కల నూనె లాంటి వాటితో చేసే విమాన ఇంధనం), అని ఉంటే ఆ ఇంధనం సాధారణంగా వేరే ఎయిర్‌పోర్టులో వేరే విమానంలో పోస్తారు, లెక్క మాత్రం మీ పేరున రాస్తారు. అది మోసం కాదు గానీ, మీరెక్కిన విమానం మామూలు కిరోసిన్ రకం ఇంధనమే తాగి ఎగిరిందని తెలిసి కట్టాలి.

సాఫ్ పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి అడవి ఆముదం (జట్రోఫా) నూనెతో చేసిన ఇంధనం కలిపి విమానం నడిపింది. 2023 నవంబరులో వర్జిన్ అట్లాంటిక్ బోయింగ్ 787 నూటికి నూరు శాతం సాఫ్‌తో లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లింది. ఇంజిన్ మార్చక్కర్లేదు, మామూలుగా సగం దాకా కలపడానికి అనుమతి కూడా ఉంది. మండినప్పుడు పొగ గొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు అంతే, కాకపోతే ఆ కార్బన్ మొక్క గాల్లోంచి తీసుకున్నదే కాబట్టి, వాడిన వంటనూనె లాంటి వాటితో చేస్తే మొత్తమ్మీద 80 శాతం వరకు తగ్గుతుంది.

అసలు చిక్కు సరుకు దగ్గర. 2024లో ప్రపంచమంతా కలిపి తయారైన సాఫ్ 10 లక్షల టన్నులు, విమానాలు తాగే ఇంధనంలో అది 0.3 శాతం. మన దేశంలో అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2028లో 2 శాతం కలపాలని లక్ష్యం పెట్టారు. ఇండియన్ ఆయిల్ పానిపట్‌లో కాగిన నూనెతో ఏడాదికి 35,000 టన్నులు చేయాలనుకుంటోంది, మంచిదే, కానీ దేశంలో విమానాలకు ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఇంధనం కావాలి! తిరుపతి హోటళ్లలో, బజ్జీల బండ్లలో కాగిన నూనె అంతా పోగుచేయాల్సిందే, మళ్లీమళ్లీ కాచిన నూనె మన కడుపులోకి పోకుండా ఉండటానికైనా. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో మొదలుపెట్టిన రూకో పథకం (వాడిన వంటనూనెను పోగుచేసి బయోడీజిల్‌కు పంపేది) అందుకే. అయినా ఆ నూనెతో ఇన్ని విమానాలు ఎగరవు.

కాబట్టి నా మాట సూటిగా: ఈ కొద్దిపాటి ఇంధనం అమెరికా వెళ్లే విమానాలకు పోవాలి, వాటికి వేరే దారి లేదు. హైదరాబాద్ నుంచి మీకు రాత్రి ఎక్కితే పొద్దున దించే రైళ్లున్నాయి, 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్ వందే భారత్ కూడా ఉంది. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే అయినా తలకు లెక్కేస్తే రైలు చాలా నయం. పెద్దవాళ్లు, ఆరోగ్యం బాగాలేనివాళ్లు ఉంటే విమానమే ఎక్కండి, టెన్షన్ పడకండి. అప్పుడు కిలోలు తక్కువ చూపించేది ఎంచుకోండి, చిన్న దూరానికి ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం జెట్ కంటే తక్కువ ఇంధనం తాగుతుంది.

ప్రశ్న: కార్లలాగా విమానాలను కూడా బ్యాటరీతో నడపలేరా? హైడ్రోజన్ సంగతేంటి? (ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: బరువు ఒప్పుకోదమ్మా. ఒక టన్ను విమాన ఇంధనంలో ఉన్న శక్తిని ఇప్పటి లిథియం బ్యాటరీల్లో పెట్టాలంటే 40 టన్నులు దాటుతుంది. కరెంటు మోటారు మామూలు ఇంజిన్ కంటే సమర్థంగా పనిచేస్తుంది కాబట్టి సగానికి తగ్గించినా 20 టన్నులు, ఏటీఆర్-72 మనుషులతో, సామానుతో కలిపి గాల్లోకి లేచే గరిష్ఠ బరువే 23 టన్నులు. 2020లో యూరప్‌లో సర్టిఫికెట్ వచ్చిన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో ఇద్దరు కూర్చునే బ్యాటరీ శిక్షణ విమానం, గంట లోపే ఎగురుతుంది. హైడ్రోజన్ తేలికే, కానీ మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచాలి, చోటు నాలుగింతలు కావాలి. 2035కి హైడ్రోజన్ విమానం తెస్తామన్న ఎయిర్‌బస్ దాన్ని వాయిదా వేసింది.

ప్రశ్న: విమాన ఇంధనానికి డిమాండ్ వస్తుంది, మెట్ట పొలంలో అడవి ఆముదం వేయమని ఒకరు తిరుగుతున్నారు. వేయొచ్చా? (పలమనేరు రైతు)

జవాబు: వేరుశనగ పండే పొలంలో వేయకండి. 2000 తర్వాత కూడా దేశమంతా ఇదే మాట చెప్పి వేయించారు, చాలామంది రైతులు తర్వాత పీకేశారు. నీళ్లు లేకపోయినా ఆ చెట్టు చావదన్నది నిజం, కానీ బతకడం వేరు, కాయడం వేరు. కాయలన్నీ ఒకేసారి పక్వానికి రావు, మళ్లీమళ్లీ కూలీలను పెట్టి ఏరించాలి. నూనె తీశాక మిగిలే చెక్క విషం, ఆవులకు పెట్టడానికి లేదు. పాడి మీద బతికే మన దగ్గర అది చిన్న విషయం కాదు. చెరకుతో ఇథనాల్ చేసి దాన్నుంచి విమాన ఇంధనం తీసే పద్ధతీ ఉంది, కానీ అంత నీళ్లు మన బోర్లలో ఎక్కడివి? గట్ల మీద కానుగ చెట్లుంటే ఉండనివ్వండి, వాటి గింజల నూనె కూడా పనికొచ్చేదే. ఆ వచ్చినాయన మళ్లీ వస్తే గింజ కిలో ఎంతకు, ఎన్నేళ్ల పాటు కొంటారో సంతకంతో కాగితం మీద అడగండి, వర్షాధారంగా ఎకరాకు ఎంత పండిందో అలా వేసిన రైతు పొలానికి తీసుకెళ్లి చూపించమనండి.