మల్టీలెవెల్ ఇన్వర్టర్‌లో లెవెల్స్ పెంచితే నష్టాలు తగ్గుతాయా?

కొంతవరకే తగ్గుతాయి. ఇన్వర్టర్ డీసీని ఏసీగా మారుస్తుంది; దాని అవుట్‌పుట్‌లో ఉండే వోల్టేజీ మెట్లే లెవెల్స్. 800 వోల్టుల డీసీ సరఫరా తీసుకోండి. రెండు లెవెల్స్ ఇన్వర్టర్‌లో ప్రతి స్విచ్ ఆ 800 వోల్టులనూ ఆపాలి. 1981లో నబాయె, తకహాషి, అకాగి ప్రచురించిన న్యూట్రల్ పాయింట్ క్లాంప్ అనే మూడు లెవెల్స్ పద్ధతిలో రెండు కెపాసిటర్లు దాన్ని సగానికి పంచుతాయి. స్విచ్‌పై పడేది 400 వోల్టులే. కాబట్టి 650 వోల్టులు తట్టుకునే ఐజీబీటీలు (స్విచ్‌లుగా వాడే పవర్ ట్రాన్సిస్టర్లు) సరిపోతాయి, స్విచ్చింగ్ నష్టం, అంటే ఆన్-ఆఫ్ అయ్యేటప్పుడు పోయే శక్తి తగ్గుతుంది, ఫిల్టర్ కూడా చిన్నదవుతుంది.

అయితే ఇక్కడ కరెంటు ఎప్పుడూ రెండు పరికరాల గుండా పోవాలి. తక్కువ స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీలో నడిపితే మిగిల్చిందంతా ఈ కండక్షన్ నష్టమే (కరెంటు పారేటప్పుడు పోయే శక్తి) మింగేస్తుంది. అప్పుడు నేనైతే టీ-టైప్ అనే మరో మూడు లెవెల్స్ అమరిక వైపు మొగ్గుతాను; అందులో డీసీ రెండు చివరలకు కలిపే బయటి దారుల్లో కరెంటు ఒకే పరికరం గుండా పోతుంది. దాని బయటి స్విచ్‌లు మాత్రం మళ్లీ 1200 వోల్టులవి కావాలి. ఇక అసలు తలనొప్పి రెండు కెపాసిటర్లు కలిసే మధ్య బిందువు: ఒక కెపాసిటర్ 430కి ఎక్కి, రెండోది 370కి జారిందంటే కంట్రోల్ వెంటనే సరిదిద్దాలి.