జ్వరం తగ్గింది సరే, ఊపిరి లెక్కపెట్టారా?

పాఠకుల ప్రశ్నలకు ఛాతీ వైద్యురాలి జవాబులు

ప్రశ్న: మా మామగారికి 71 ఏళ్లు. షుగర్ ఉంది. సంక్రాంతి ముందు దగ్గు, జ్వరం వచ్చాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్లు చేసి సెలైన్ పెట్టారు. మూడో రోజుకి జ్వరం దిగింది, హమ్మయ్య అనుకున్నాం. కానీ ఆయన అన్నం ముట్టలేదు. రోజంతా మగతగా పడుకున్నారు. ఆ రాత్రి లేచి కూర్చుని ‘ఎడ్లకి గడ్డి వేశారా?’ అని అడిగారు. ఎడ్లని అమ్మేసి చాలా ఏళ్లయింది. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 93 శాతం చూపించింది. మా వారు కువైట్‌లో ఉంటారు. ఆయనతో మాట్లాడి, పండగ వెళ్లాక తీసుకెళ్దాం అనుకున్నాం. కనుమ నాడు ఆయాసం ఎక్కువై అమలాపురం తీసుకెళ్తే న్యుమోనియా అని ఐసీయూలో పెట్టారు. దేవుడి దయవల్ల ఇంటికొచ్చారు. ‘రెండు రోజుల ముందు తేవాల్సిందమ్మా’ అని అక్కడి డాక్టర్ అన్న మాట మాత్రం నన్ను వదలట్లేదు. ఇలాంటివి ముందే ఎలా తెలుసుకోవాలి?
— ఒక కోడలు, రాజోలు దగ్గరి పల్లె

జవాబు: అమ్మా, అన్నం ముట్టకపోవడం, మగత, ఎడ్ల మాట, 93. చూడాల్సినవన్నీ మీరు చూశారు, గుర్తుపెట్టుకుని రాశారు కూడా. ఇవన్నీ ఒకే జబ్బు సంగతి చెబుతున్నాయని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ బాధ మనసులోంచి తీసేయండి. మీలా గమనించే మనిషి ఇంట్లో ఉండబట్టే ఆయన ఇవాళ ఇంట్లో ఉన్నారు.

మిమ్మల్ని తప్పుదారి పట్టించింది జ్వరం. మన ఇళ్లలో జబ్బు పెరిగిందా తగ్గిందా అని చూడటానికి నుదుటి మీద చెయ్యి వేస్తాం. న్యుమోనియాలో అది చాలదు. పారాసిటమాల్ వేస్తే కాసేపు జ్వరం దిగుతుంది, ఊపిరితిత్తుల్లో చీము, నీరు అలాగే ఉంటాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిందంటే జ్వరం తగ్గి మనిషి కాస్త తేరుకున్నట్టు కనిపిస్తాడు, లోపల షుగర్ మాత్రం పెరిగిపోతుంది. మీ మామగారికి ఏ ఇంజెక్షన్ చేశారో నాకు తెలియదు. ఇకముందు ఎవరు చేసినా మందు పేరు చీటీ మీద రాయించుకోండి. పైగా పెద్దవయసులో న్యుమోనియా వచ్చినా అసలు జ్వరమే రాకపోవచ్చు. ఒళ్లు చల్లగా ఉందని ధైర్యపడకూడదు.

మరి ఏం చూడాలి? ఊపిరి లెక్కపెట్టాలి. దీనికి మిషన్ అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఆయన పొట్ట మీద పెట్టండి. పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి. నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లకి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఉంటుంది. 24 దాటితే ఆ రోజే డాక్టర్ చూడాలి. 30కి చేరితే ఏ పూటైనా సరే, ఆస్పత్రికి బయల్దేరాలి.

ఇక ఎడ్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. నిన్నటిదాకా ఇంటి లెక్కలన్నీ చెప్పిన పెద్దాయన రాత్రికి రాత్రి ఊరూ పేరూ తడబడితే, వయసు మీద పడిందనో జ్వరం పలవరింత అనో సర్దుకుంటాం. ఊపిరితిత్తుల జబ్బులో అది మెదడుకి ఆక్సిజన్ చాలడం లేదని కావచ్చు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని కావచ్చు. న్యుమోనియా రోగిని ఇంటికి పంపవచ్చా, చేర్చుకోవాలా అని తేల్చడానికి మేం ఐదు విషయాలు చూస్తాం: మతి తడబాటు, రక్తంలో యూరియా పెరగడం, ఊపిరి 30 లేదా అంతకు మించడం, బీపీ పడిపోవడం, వయసు 65 లేదా ఆ పైన. ఒక్కోదానికి ఒక్కో మార్కు. రెండు మార్కులు వస్తే ఆస్పత్రిలో చేర్చుకోవాలా అని ఆలోచిస్తాం. మీ మామగారికి వయసుకి ఒకటి, ఎడ్ల మాటకి ఒకటి. రక్తపరీక్ష చేయకముందే ఇంట్లోనే రెండు మార్కులు పడిపోయాయి. దానికి షుగర్ కూడా తోడు.

వేలి మిషన్ మంచిదే, వాడండి. వేలు చల్లగా ఉన్నా, గోరుకి రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. వేలిని రుద్ది వెచ్చబరిచి, పెట్టాక ఒక నిమిషం ఆగి, అంకె నిలకడగా ఉన్నప్పుడు చూడండి. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లలో అది అసలుకంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని కూడా తెలుసు. కాబట్టి 93 అంటే ‘బోర్డర్‌లో ఉంది’ అని ఊరుకోకండి. ఊపిరితిత్తుల జబ్బు ముందునుంచీ లేని మనిషికి 94 కంటే తగ్గితే అదే రోజు డాక్టర్ దగ్గరికి. 92 కంటే తగ్గితే ఆస్పత్రికి. 90 కంటే తగ్గితే 108కి ఫోన్. ఇంకో సంగతి: అంకె 96 ఉన్నా మనిషి రొప్పుతూ, చెమటలు కక్కుతూ, రెండు మాటలకి ఒకసారి ఊపిరి అందక ఆగుతుంటే మిషన్‌ని పక్కన పెట్టి మనిషినే నమ్మండి. పెదాలు, నాలుక నీలంగా మారినా, లేపితే లేవకపోయినా, కళ్లెలో రక్తం పడినా, గుండెలో నొప్పి పట్టేసినా మిషన్ కోసం వెతకనే వద్దు.

రాత్రిపూట కుటుంబాలు పడే యాతన నాకు తెలుసు. బండి దొరుకుతుందా, డబ్బు ఎంతవుతుంది, దూరాన ఉన్న కొడుకు ఏమంటాడు, అమావాస్య పూట కదపొచ్చా. తెల్లారాక చూద్దాం అని ఆగిపోతారు. తెల్లవారుజామున మా క్యాజువాలిటీకి వచ్చే ఆయాసం కేసుల్లో చాలామంది ముందురోజు సాయంత్రమే రావాల్సినవాళ్లు. మీ వారికి ఫోన్ బండి ఎక్కాక చేయండి. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ నిర్ణయం మంచం పక్కన ఉన్న మీదే.

108లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఆటో కంటే అదే మేలు. అది వచ్చేలోగా వెల్లకిలా పడుకోబెట్టకండి, వీపుకి దిళ్లు పెట్టి కూర్చోబెట్టండి. నీరసంగా ఉన్నాడని నోట్లో జావ పోయకండి. మగతలో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేసుకునే మాత్రల స్ట్రిప్పులు, పాత ఎక్స్‌రే, ఆధార్, ఆరోగ్య పథకం కార్డు ఒక సంచిలో వేసుకోండి. ఆర్‌ఎంపీ గారు రాసిన చీటీ కూడా మర్చిపోవద్దు.

మీ మామగారు పూర్తిగా కోలుకున్నాక న్యుమోనియా టీకా, ఏటా వేసే ఫ్లూ టీకా గురించి మీ డాక్టర్‌ని అడగండి. ఆయన వయసుకి, షుగర్‌కి రెండూ అవసరమే.

ప్రశ్న: మా పాపకి ఎనిమిది నెలలు. జలుబు, దగ్గు. ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగరేస్తోంది. నెమ్ము చేరిందని, పొట్ట మీద వాతలు పెట్టిస్తే పోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఫోన్‌లో అడిగాను, పత్రికలో కూడా జవాబు రాయండి.
— ఒక తల్లి, వనపర్తి

జవాబు: ఫోన్‌లో చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను, మిగతా తల్లులకి కూడా ఉపయోగపడుతుంది. డొక్కలు ఎగరేసే పాపని ఇంట్లో ఉంచకూడదు. వాతల వల్ల నెమ్ము తగ్గదు. కాలిన గాయం వల్ల ఇంకో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయం వృథా అవుతుంది. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి, పాపని ఎత్తుకుని బయల్దేరండి.

పాప నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఒళ్లో ఉన్నప్పుడో గౌను పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పిల్లలకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంకె అక్కడికి చేరినా, దాటినా న్యుమోనియా అని అనుమానించాలి. ఊపిరి పీల్చినప్పుడు కింది పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి గుంటపడితే అంకెతో పనిలేదు. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, ఎంత పిలిచినా కళ్లు తెరవకపోవడం, ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ఊపిరి లోపలికి పీలుస్తుంటే గొంతులో గీపెట్టినట్టు శబ్దం రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గడపలో నిలబడి ఆలోచించే టైమ్ లేదు. రెండు నెలల లోపు పసిబిడ్డ అయితే ఒళ్లు చల్లబడినా అంతే ప్రమాదం.

న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలు నిండాక ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. పాప కోలుకున్నాక తొమ్మిదో నెల డోసు మర్చిపోకండి.

ప్రశ్న: నాన్నగారికి బీడీల వల్ల సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు). ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది. ఆయాసం ఎక్కువైనప్పుడు లీటర్లు పెంచి 98కి తెస్తున్నాం. సరైనదేనా?
— అల్వాల్, హైదరాబాద్

జవాబు: వద్దు. సీఓపీడీ ఉన్న చాలామందికి 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తుగా పడిపోతారు, చూసేవాళ్లు హాయిగా నిద్రపోతున్నారు అనుకుంటారు. డాక్టర్ రాసిన లీటర్లు దాటించకండి. ఆ లీటర్ల మీద 88కి రాకపోయినా, పొద్దున్నే తలనొప్పి, పగలు మగత, చేతులు వణకడం కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కళ్లె రంగు మారి పచ్చగా ఎక్కువగా పడుతున్నా, ఇన్‌హేలర్ పీల్చిన ఉపశమనం నాలుగు గంటలు కూడా నిలవకపోయినా, కాళ్లకి నీరు చేరినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఇంకా బీడీ మానలేదా? మిషన్ నడిచే గదిలో బీడీ, అగరుబత్తి, దీపం ఏదీ వెలిగించకూడదు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమని పరుపుకి అంటుకుంటుంది.