మెట్ల కింద గదిలో పనిముట్ల సంగతి

తిరుపతి

చిరంజీవికి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను నాయనా. ఒకటి కరకంబాడి రోడ్డు ఇంట్లో మెట్ల కింద ఉన్న ఖాళీ జాగా. రెండోది ఆన్‌లైన్లో నువ్వు చూసిపెట్టుకున్న 108 ముక్కల టూల్ కిట్. కింద "ఇది కొంటే సరిపోతుందా పెదనాయనా?" అని ఒక ప్రశ్న. ఫోన్లో చెప్తే సగం వింటావు, మిగతా సగానికి ఆఁ ఆఁ అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ కిట్ కొనొద్దు. 108 అనేసరికి అష్టోత్తరంలా నిండుగా కనిపించి ఉంటుంది గానీ, అందులో ముప్పాతిక మువ్వీసం చిన్న చిన్న బిట్లూ సాకెట్లే. నీ ఇంటి పనికి వాటిలో పది కూడా వాడవు. కావాల్సినవి ఇవి: ఒక కటింగ్ ప్లేయర్, పెద్దదీ చిన్నదీ రెండు రకాల స్క్రూ డ్రైవర్లు, అర కిలో సుత్తి, ఇనుము కోసే హ్యాక్సా ఫ్రేము, నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే స్లైడ్ రెంచి ఒకటి, కొలిచే టేపు, కరెంటు చూసే టెస్టర్. స్పానర్లలో 10, 13 సైజులు ముందు తెచ్చుకో. ఇంట్లో, బండిలో ఎక్కువగా కనిపించే ఎం6 బోల్టు, అంటే ఆరు మిల్లీమీటర్ల మందం దాని తలకు 10, ఎనిమిది మిల్లీమీటర్ల ఎం8 తలకు 13 పడతాయి. మిగతావి పని వచ్చినప్పుడు కొను. పని లేకుండా కొన్న పనిముట్టు ఏ సైజో, ఎక్కడ పెట్టామో, అసలు ఉందో లేదో కూడా గుర్తుండదు. కిందటేడు మీ పెద్దమ్మ అటక సర్దితే నావే మూడు ఆలెన్ కీ సెట్లు బయటపడ్డాయి. మూడూ నేనే కొన్నాను, ఒక్కోసారి లేదనుకుని ఒక్కోటి.

కొన్న రోజే దానికి ఒక చోటు చూపించు. నిజానికి ఈ ఉత్తరమంతా ఈ ఒక్క మాట కోసమే. రైల్వే క్యారేజ్ షాపులో ఫిట్టర్‌గా ఉన్నప్పుడు టూల్ రూములో ఏది తీసుకున్నా మా నంబరున్న ఇత్తడి బిళ్ల ఒకటి ఇవ్వాలి. ఆ పనిముట్టు ఉండే మేకుకే బిళ్ల తగిలించేవాళ్లు. సాయంత్రం గోడ వైపు ఒకసారి చూస్తే ఏది ఎవరి దగ్గరుందో తెలిసిపోయేది. ఎవరినీ అడగక్కర్లేదు, తిట్టక్కర్లేదు. చేరిన కొత్తలో ఇదేం చాదస్తం అనుకున్నా. బోగీ కింద పడుకుని నట్టు సగం విప్పాక కావాల్సిన స్పానర్ దొరకనప్పుడు అర్థమైంది.

ఇంట్లో బిళ్లలు వద్దులే. మెట్ల కింద పొడుగు గోడకు ఒక ప్లైవుడ్ ముక్క కొట్టించు. పనిముట్లన్నీ మేకులకు తగిలించి, ఒక్కోదాని చుట్టూ మార్కర్‌తో గీత గీయి. ఖాళీ గీత కనిపిస్తే ఏది లేదో ఆ ఆకారమే చెప్తుంది. ఎవరైనా అడిగి తీసుకుపోతే ఆ గీత లోపల చాక్‌పీసుతో వాళ్ల పేరు రాయి. నా 10-11 స్పానర్ గీతలో మీ నాన్న పేరు రాసి ఆరేళ్లయింది. ఇంకా చెరపలేదు.

ప్లైవుడ్ కొట్టించేటప్పుడు గోడకు ఆనించి కొట్టనివ్వకు, వేలెడు సందు వదలమను. మెట్ల కింద గోడ చెమ్మగా ఉంటుంది. పైగా చెదలు పట్టినా ఆ సందులో మట్టి గీతలు ముందే కనిపిస్తాయి. స్క్రూలు, నట్లు, వాషర్లకు గాజు సీసాలు మంచివి. పచ్చడి సీసాలు కడిగి ఎండబెట్టుకుంటే చాలు. రేకు డబ్బాలైతే ఏ డబ్బాలో ఏముందో మూత తీస్తే గానీ తెలీదు, మూడో డబ్బాకే విసుగొచ్చి కొత్తవి కొనుక్కుంటావు.

ఇక ముఖ్యమైన సంగతి, నేల. ఏ పనిముట్టూ నేల మీద పెట్టకు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా? నువ్వప్పుడు బెంగళూరులో ఉన్నావు, టీవీలో చూసుంటావు. కపిలతీర్థం దగ్గర నీళ్లు ఉరికిన ఉరుకు, ఘాట్ రోడ్లు మూసెయ్యడం అవన్నీ. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. నా టూల్ బాక్స్ వెనక వరండాలో నేల మీదే ఉంది. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు, పరుపులు పైకెత్తే హడావిడిలో దాని సంగతే మర్చిపోయాను. మూడో రోజు మూత తీస్తే బురద వాసన గుప్పుమంది. డ్రిల్ మిషన్ అడుగున ఉంది, మోటారులోకి నీళ్లు పోయి చచ్చిపోయింది. ఆకురాళ్ల పళ్లన్నీ తుప్పు తినేసింది. నేను చేరిన కొత్తలో కొన్న అర్ధచంద్రం ఆకురాయి కూడా అందులోనే పోయింది. డ్రిల్ పోయినందుకు కంటే దానికే ఎక్కువ బాధేసింది.

స్పానర్లు, ప్లేయర్లు మాత్రం బతికించుకున్నాను. ముందు మంచినీళ్లతో బురదంతా కడిగాను. బురద ఉండగానే నూనె పోస్తే అది లోపలే ఇరుక్కుంటుంది. కడిగాక ఎండలో ఆరబెట్టి, రాత్రంతా డీజిల్లో నానేసి, మర్నాడు ఇత్తడి బ్రష్‌తో రుద్దాను. ప్లేయర్ల కీలు దగ్గర రెండు చుక్కలు మిషన్ ఆయిల్ వేసి, తెరుస్తూ మూస్తూ ఉంటే కాసేపటికి ఎర్రటి నీళ్లు కారి కదలడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి మా ఇంట్లో కింది అర నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటుంది. నువ్వూ అలాగే పెట్టు.

మన దగ్గర ఎండాకాలం తుప్పు భయం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలప్పుడే జాగ్రత్త. అరచేతి చెమటలో ఉప్పు ఉంటుంది కదా, పని అయ్యాక పొడిగుడ్డతో తుడవకుండా తగిలిస్తే పట్టుకున్న చోటే వేలిముద్రలా తుప్పు లేస్తుంది. మిషన్ ఆయిల్ అద్దిన గుడ్డ ఒకటి మేకుకు వేలాడదీసుకో, చివర్లో దాంతో ఒక తుడుపు తుడిస్తే సరి. వంటనూనె, నువ్వుల నూనె రాయకు, కొన్నాళ్లకు జిగురు కట్టి దుమ్ము పట్టేస్తాయి. డబ్ల్యూడీ-40 డబ్బా చాలామంది ఇళ్లలో ఉంటుంది. 1953లో దాన్ని తయారుచేసినవాళ్లు తడిని తరమడానికే చేశారు, పేరులో డబ్ల్యూడీ అంటే అదే. 40 అంటే నలభయ్యో ప్రయత్నానికి కుదిరిందని. బిగుసుకున్న నట్టు కదల్చడానికి బాగుంటుంది. తలుపు బందులకూ బేరింగులకూ అదే కందెన అనుకుంటే మాత్రం నెల తిరక్కుండా మళ్లీ కిర్రుమంటాయి.

ఆయుధ పూజ బాగా చేస్తాం మనం, అందులో లోటు లేదు. కానీ పూజలో పెట్టిన తడి పసుపు, కుంకుమ అలాగే ఉంచేస్తే వాటి కింద ఇనుము గుంటలు పడుతుంది. మర్నాడు పొద్దున్నే తుడిచి నూనె గుడ్డ పెట్టు. స్వామికి కోపం రాదు, ఆ హామీ నాది.

రిపేరు విషయానికి వస్తే, మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ గనక నీ మొదటి పని కొళాయే అవుతుంది. రాసిపెట్టుకో. బొట్టుబొట్టుగా కారుతుంటే ఇంకా గట్టిగా బిగిస్తావు, అందరూ చేసే తప్పే అది. లోపల రబ్బరు వాషర్ ఇంకా నలిగిపోతుంది. ముందు పైన ట్యాంకు వాల్వు కట్టెయ్యి. కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వు. తర్వాత సింకు రంధ్రం మీద ఒక గుడ్డ పరువు, ఇది మర్చిపోకు, చిన్న స్క్రూ ఒకటి జారిందంటే పైపు విప్పాల్సి వస్తుంది. పిడి మీదున్న బిళ్ల గోటితో లేపితే కింద స్క్రూ ఉంటుంది. పిడి వచ్చాక కింద తిరిగే కడ్డీని, అంటే స్పిండిల్‌ను స్లైడ్ రెంచితో విప్పు, మధ్యలో గుడ్డ చుట్టు, లేకపోతే పాలిష్ మీద గీతలు పడి పెద్దమ్మలాంటి వాళ్లు జీవితాంతం చూపిస్తారు. స్పిండిల్ అడుగున వాషర్ మీద గుండ్రంగా గాడి పడి ఉంటుంది. అదే దొంగ. దాన్ని జేబులో వేసుకుని షాపుకు పో. "అరంగుళం కొళాయి వాషర్" అని నోటితో అడిగితే నాలుగు రకాలు చూపిస్తారు, పాతది చేతిలో ఉంటే ఒక్కటే ఇస్తారు. అర తిప్పుడుకే కట్టేసే కొత్త రకం కొళాయిల్లో వాషర్ ఉండదు, సిరామిక్ బిళ్లలుంటాయి. అవి పోతే స్పిండిల్ మొత్తం మార్చడమే.

నీళ్లు సన్నగా వస్తుంటే కొళాయి చెడిందనుకోకు. మూతి దగ్గర ఉన్న జల్లెడ విప్పి చూడు, తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట వేస్తే నురగలు కక్కుతూ కరిగిపోతుంది.

ఏది విప్పినా విప్పకముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకో. మా కాలంలో ఈ సదుపాయం లేక కాగితం మీద బొమ్మ వేసుకునేవాళ్లం. విప్పిన స్క్రూలకు పాత ఇడ్లీ ప్లేటు పెట్టుకో. మొదట విప్పినవి మొదటి గుంటలో, తర్వాతవి రెండో దాంట్లో, అలా. గుంటల్లో కాగితం ముక్క వెయ్యి, లేకపోతే చిల్లుల్లోంచి జారిపోతాయి. బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు వస్తే సరిపోతుంది.

కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు తిప్పితే ఊడుతుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఎక్కడ తలకిందులవుతుందో. సైకిల్ ఎడమ పెడలు, టేబుల్ ఫ్యాన్ రెక్క మీద టోపీ, చాలా మిక్సీల్లో జారు కింద ఉండే కప్లరు, వీటికి మర ఎదురు. తిరుగుతూ తిరుగుతూ తనంతట తాను ఊడిపోకూడదని అలా చేస్తారు. పెళ్లైన రెండో ఏడు మిక్సీ కప్లరు మారుస్తానని కూర్చుని, ఎడమకు తిప్పి తిప్పి చివరికి ఉలి పెట్టి కొట్టాను. షాఫ్టు వంగింది. రైలు బోగీలు బాగుచేసే మనిషి మిక్సీ విరగ్గొట్టాడని మీ పెద్దమ్మ పుట్టింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కరెంటు పని దగ్గర మాత్రం నవ్వులాట వద్దు. స్విచ్ కట్టేస్తే చాలదు, మెయిన్ బోర్డులో ఆ లైనుకున్న మీట, ఎంసీబీ అంటారు, అది దించు. దించి, టెస్టర్ను ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతుందో లేదో చూసుకుని, తర్వాత నువ్వు పని చేసే తీగ మీద పెట్టు. ఎందుకంటే లోపలి బల్బు పోయిన టెస్టర్ కూడా వెలగదు, తీగలో కరెంటు లేదని నువ్వనుకుంటావు. ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే చాలాసార్లు పోయేది కండెన్సరే. చాలా సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది, అయినా పాతదాని మీద ఏమి రాసి ఉందో చూసి అదే తెచ్చుకో. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం విప్పకు. ప్లగ్గు పీకినా లోపలి కండెన్సర్లో మనిషిని చంపేంత కరెంటు నిలిచి ఉంటుంది. గ్యాస్ పైపు, రెగ్యులేటరు జోలికి కూడా వెళ్లకు. అన్నీ మనమే చెయ్యాలన్న పట్టుదల నాకు యాభై దాటాకే తగ్గింది.

హ్యాక్సా బ్లేడు బిగించేటప్పుడు పళ్లు ముందుకు ఉండాలి, తోసినప్పుడు కొయ్యాలి గానీ లాగినప్పుడు కాదు. అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు తీసుకో, ఇంట్లో పైపులకు, పట్టీలకు సరిపోతుంది. గ్రైండర్ ఇప్పుడే కొనకు. కొన్నా లుంగీతో పట్టుకోకు. నిమిషానికి పదివేలకు పైగా తిరిగే చక్రం గుడ్డ అంచు అందుకుంటే వదలదు. ప్యాంటు, బూట్లు, కంటద్దాలు, చక్రం మీద గార్డు ఉండాలి. డ్రిల్ పట్టినప్పుడు గుడ్డ గ్లవుజులు కూడా అంతే ప్రమాదం.

ఇక బల్ల. వేప చెక్క రెండంగుళాల మందం దొరికితే తీసుకో, చెద భయం తక్కువ. గోడకు గట్టిగా బిగించు. దాని మీద వైస్, అదే ముక్కను కదలకుండా బిగించి పట్టే దవడల పనిముట్టు, పెట్టినప్పుడు దవడ పైభాగం నీ మోచేయి ఎత్తుకు రావాలి. అంతకంటే కిందికి ఉంటే నడుము, పైకి ఉంటే భుజం పోతాయి. నువ్వు నాకంటే నాలుగంగుళాలు పొడుగు గనక నా బల్ల కొలత తీసుకెళ్లొద్దు.

వైస్ కొనొద్దు, నాది తీసుకుపో. నాలుగంగుళాల దవడ, వరదలో మునిగి తేలింది, మరకు గ్రీజు పెట్టి ఉంచాను. ఈమధ్య చేతులకు పట్టు తగ్గి, దాన్ని తిప్పే అవసరం నాకు రావడం లేదు. ఆదివారం ఆటోలో రా, బండి మీద పెట్టుకునే బరువు కాదు. నాలుగున్నరలోపే రా, రాహుకాలం మొదలైతే మీ పెద్దమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వదు.

మీ పెదనాయన