క్యాంపస్ చూడకుండా కాలేజీలో చేర్పిస్తే చట్టం అండగా ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయికి వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ సీటు ఇస్తామంటున్నారు. అనారోగ్యం వల్ల నేను వెళ్లి చూడలేను. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఆమోదం ఉందని వెబ్‌సైట్‌లో రాశారు. నమ్మి ఫీజు కట్టాక అది అబద్ధమని తేలితే డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: అబద్ధమని తెలిసే చెప్పి మిమ్మల్ని ఒప్పించారని రుజువు చేయగలిగితే, భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 19వ సెక్షన్ కింద ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుని, కట్టిన సొమ్ము తిరిగి కోరవచ్చు. అయితే అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అవతలివారు నిజమనుకునే తప్పు సమాచారం ఇచ్చినా, మోసపూరితంగా మౌనం వహించినా, సాధారణ శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే ఒప్పందం రద్దు కాదు. కాలేజీ తరఫు న్యాయవాది ముందుగా పట్టుకునేది దీన్నే. అందువల్ల మీరు అక్కడికి వెళ్లలేకపోవడం కంటే, ఇంట్లో కూర్చునే చూడగలిగిన రికార్డును చూడకపోవడమే కేసుకు ఎక్కువ చేటు.

భవనాల ఫొటోలతో మనకు పని లేదు. ఏఐసీటీఈ ఇచ్చిన ఆమోద పత్రం ప్రతిని తెప్పించుకుని, అది ఏ విద్యా సంవత్సరానికి చెల్లుతుందో, మీ అమ్మాయి చేరబోయే బ్రాంచి పేరు అందులో ఉందో లేదో, దానికి మంజూరైన సీట్లు ఎన్నో చదివి, ఆ వివరాలను ఏఐసీటీఈ వెబ్‌సైట్‌తో సరిచూడండి. కాలేజీకి ఆమోదం ఉండి ఆ బ్రాంచికి లేకపోవచ్చు. డిగ్రీ ఎవరిస్తారన్నది వేరే సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం, డీమ్డ్ (విశ్వవిద్యాలయంతో సమానమైన) హోదా పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. కాలేజీ ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమని చెబుతోందో, ఆ విశ్వవిద్యాలయం ప్రకటించిన కాలేజీల జాబితాలోనే చూసుకోవాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా యూజీసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

ఇక అనుమానాలన్నీ ఫోన్‌లో కాక ఈ-మెయిల్‌లో అడగండి. తెలిసే రాతపూర్వకంగా అబద్ధం చెప్పినవారిని పైన చెప్పిన మినహాయింపు కాపాడదు. వెబ్‌సైట్ పేజీని తేదీతో సహా భద్రపరచండి. ఆ ప్రతిని కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, దాన్ని ఏ పరికరంలో ఎలా తీశారో తెలిపే ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది కనుక, ప్రతి తీసిన ఫోన్‌ను లేదా కంప్యూటర్‌ను మార్చేయకండి.

వినియోగదారుల కమిషన్‌పై మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 2010లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు విద్యార్థిని వినియోగదారుగా అంగీకరించలేదు. ఫీజును ఏజెంటు చేతికివ్వక, కాలేజీ పేరిట ఉన్న ఖాతాకే పంపి, బ్రాంచి పేరు, విద్యా సంవత్సరం రాసిన రశీదు తీసుకోండి.