సన్నద్ధతా, సంసిద్ధతా?

సందేహం: సైన్యంలో సిబ్బంది ఎంత సిద్ధంగా ఉన్నారో, ఎంత బాగా పనిచేస్తారో కొలిచే పద్ధతుల మీద వ్యాసం రాస్తూ 'సంసిద్ధత, సామర్థ్యత' అని పెట్టాను. మొదటిది 'సన్నద్ధత' అని ఉండాలనీ, రెండోది అసలు తప్పనీ మిత్రుడు అంటున్నాడు. ఏది సరి?

సమాధానం: రెండు చోట్లా మీ మిత్రుడి మాటే నెగ్గుతుంది.

'సంసిద్ధత' తప్పు మాట కాదు. కానీ మన వాడుకలో అది మనసు వైపు ఒరిగిపోయింది. 'చర్చలకు సంసిద్ధత వ్యక్తం చేశారు' అంటే ఒప్పుకున్నారని అర్థం, ఏర్పాట్లన్నీ అయిపోయాయని కాదు. కాలు విరిగి మంచం మీదున్న జవాను కూడా యుద్ధానికి సంసిద్ధుడే కావచ్చు. సన్నద్ధుడు మాత్రం కాడు.

'సన్నద్ధం'లో ఉన్న ధాతువు 'నహ్'. కట్టుకోవడం, బిగించడం అని అర్థం. చెప్పుకి సంస్కృతంలో ఉన్న 'ఉపానహం' అనే పేరూ దీన్నుంచి వచ్చిందే. అమరకోశం క్షత్రియవర్గంలో 'సన్నద్ధో వర్మితః' అని ఉంది. వర్మం అంటే కవచం. అది బిగించుకుని నిలబడ్డవాడు సన్నద్ధుడు.

మీ వ్యాసానికి కావలసింది ఈ మాటే, ఎందుకంటే సైన్యాలు లెక్కగట్టేది ఉత్సాహాన్ని కాదు. అమెరికా ఆర్మీ పద్ధతి చూడండి. యూనిట్‌లో ఉండాల్సిన మందిలో నిజంగా పంపడానికి వీలైనవాళ్లు 90 శాతానికి తగ్గకపోతే సిబ్బంది విషయంలో మొదటి స్థాయి. 80 నుంచి 89 అయితే రెండోది, 70 నుంచి 79 అయితే మూడోది, ఇంకా తగ్గితే నాలుగోది. 100 మంది ఉండాల్సిన చోట 94 మంది ఉన్నారనుకుందాం. గాయాలతో, జబ్బులతో 16 మందిని పంపలేకపోతే మిగిలేది 78. కాగితం మీద మొదటి స్థాయిలా కనబడ్డ యూనిట్ మూడో స్థాయికి జారింది, ఆ 94 మందీ సంసిద్ధులే అయినా సరే. (ఇక్కడ 'బలం' అన్న మాటతోనూ జాగ్రత్త. అది మంది లెక్కా అవుతుంది, సత్తువా అవుతుంది. లెక్కకి 'సంఖ్యాబలం' అంటే పేచీ ఉండదు.)

ఇక 'సామర్థ్యత'. సమర్థుడి గుణం సమర్థత, లేదా సామర్థ్యం. సామర్థ్యానికి మళ్లీ 'త' తగిలించడం టోపీ మీద టోపీ. 'ప్రాధాన్యత'దీ ఇదే జబ్బు, కాకపోతే అది ముదిరిపోయి ఇప్పుడెవరికీ జబ్బులా కనబడటం లేదు. వ్యాకరణం ప్రకారం సమర్థత, సామర్థ్యం ఒకటే. వాడుకలో కాస్త ఎడం వచ్చింది: నీళ్ల ట్యాంకుకి సామర్థ్యమే ఉంటుంది, సమర్థత ఉండదు. మీరు 'సిబ్బంది సన్నద్ధత, సమర్థత' అని పెట్టండి.

అన్నట్టు, సమర్థతలో ఉన్నది 'థ', 'ధ' కాదు. మీ ఉత్తరంలో 'సామర్ధ్యత' అని ఉంటే పైన నేనే దిద్దాను.